కిటికీ అట్ట

భార్య పోయిన మర్నాడు ఎస్ మాస్టారిని కూతురు ఒకే ఒక్క మాట అడిగింది. వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో అడిగింది.

"అమ్మ నీకు ముందే చెప్పానంది నాన్నా. నెలల కిందటే చెప్పానంది. మరి నువ్వెందుకు ఊరుకున్నావు?"

మాస్టారు తెల్లమొహం వేశారు. తనకెవరూ ఏమీ చెప్పలేదన్నారు. ఒట్టు పెట్టుకున్నారు. ఆస్పత్రిలో డాక్టరు నోటి వెంట వినేదాకా రొమ్ములో గడ్డ ఉన్న సంగతే తనకు తెలియదన్నారు. ఆ డాక్టరు "ఒక ఆర్నెల్లు ముందొచ్చి ఉంటే వేరేగా ఉండేదండీ" అన్నప్పుడు గోడ పట్టుకున్నది తాను కాదా అన్నారు.

"అమ్మ అబద్ధం చెప్పదు," అంది కూతురు. "నాన్నకు తెలుసు, ఏమీ అనలేదు అంది. మంచి తెలివిలో ఉండే అంది."

ఆ రోజు నుంచి తండ్రితో మాటలు బంద్. ఆదివారం ఆదివారం వచ్చేది, రెండు రోజులకు సరిపడా వండి పెట్టేది, ఉతికిన బట్టలు మడతలు పెట్టేది, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేది. ఒక్కగానొక్క కూతురు. ఆయనకు ఇక మిగిలిందల్లా ఆ పిల్లే. ఆ పిల్ల దృష్టిలో ఆయన, పెళ్ళాం చావుకు దగ్గరవుతోందని తెలిసి కూడా నోరు మెదపని మనిషి. కాదని చూపించడానికి మాస్టారి దగ్గర ఒట్లు తప్ప ఏమీ లేవు.

ఇంతకీ ఈ ఎస్ మాస్టారెవరో చెప్పాలి. టైర్ల కొట్టు మీద మేడగదిలో ఒక ట్యుటోరియల్ ఉంది. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన, పైకెళ్ళాక సుద్దముక్క వాసన. అక్కడ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన ఇంగ్లీషు వ్యాకరణం చెబుతున్నారు. వ్యాకరణమంటే అంతా కాదు. ఉద్యోగాల పరీక్షలకు కట్టే నర్సులు, డ్రైవర్లు, బట్టల షాపుల్లో సేల్స్ పిల్లలు ఎక్కడ తప్పుతారో అక్కడ కాపలా కాయడం ఆయన పని. కర్త ఒక్కడైతే క్రియకు చివర ఎస్ తగలాలి, ఎక్కువమందైతే తగలకూడదు. చెప్పడానికి ఇంతే. ముప్ఫై ఒక్క ఏళ్ళు గొంతు చించుకున్నా జనం ఆ ఎస్సును గొడుగు మర్చిపోయినట్టు ఎక్కడో ఒకచోట మర్చిపోయి వస్తూనే ఉన్నారు. "ఎస్ ఏదమ్మా? ఎక్కడ పారేసుకున్నావు?" అని ఆయన అరిచే అరుపు కింద టైర్ల కొట్టుదాకా వినిపించేది. కొట్టాయన కూడా మాస్టారు దిగి వస్తుంటే "దొరికిందా మాస్టారూ ఎస్?" అని నవ్వేవాడు. అలా స్థిరపడిపోయింది ఆ పేరు.

ఆయన పాఠానికో పద్ధతి ఉంది. నోట్సు పుస్తకంలో రోజుకు పది వాక్యాలు రాయాలి. నేను, మేము అని రాయకూడదు, అక్కడ ఎస్ రాదు కాబట్టి. ఎవరో ఒక మనిషిని పట్టుకుని ఆ మనిషి గురించే రోజూ రాయాలి. ఆమె లేస్తుంది, ఆమె వెళ్తుంది, ఆమె తెస్తుంది. ఒక డ్రైవరు ఏడాది పొడుగునా తన మేనమామ గురించే రాశాడట. మేనమామ ఏం చేశాడో మాస్టారికి ఇప్పటికీ తెలియదు. క్రియల చివర సరిగ్గా ఉన్నాయా లేదా అన్నదే తెలుసు.

ఎందుకు తెలియదంటే, దిద్దడానికీ ఒక పద్ధతి ఉంది మరి. సాయంత్రం క్లాసు నుంచి అరవై పుస్తకాలు సంచిలో మోసుకొచ్చి బల్ల మీద కుప్ప పోస్తారు. పొద్దున ఐదింటికి లేచి ఏడింటికల్లా దిద్దేస్తారు. రెండు గంటల్లో అరవై పుస్తకాలంటే, అంటే ఆరు వందల వాక్యాలంటే, మామూలు మనిషికి కళ్ళు బైర్లు కమ్ముతాయి. మాస్టారికి కిటికీ అట్ట ఉంది. కొత్త చొక్కాల మడతలో వస్తుందే, ఆ తెల్ల అట్ట. పేజీ అంత ఉంటుంది. ఎడమ పక్కన పైనుంచి కిందిదాకా రెండు వేళ్ళ వెడల్పున సందు కోసి ఉంటుంది. ఇంగ్లీషులో కర్త, దాన్ని అంటుకుని క్రియ, రెండూ వాక్యం మొదట్లోనే వచ్చేస్తాయి కదా. అట్ట పేజీ మీద బోర్లిస్తే ఆ సందులోంచి పది కర్తలు, పది క్రియలు, అంతే కనబడతాయి. మిగతా వాక్యమంతా అట్ట కింద. ఎర్ర పెన్నుతో టిక్కు, టిక్కు, సున్నా, టిక్కు, అడుగున మార్కులు. పుస్తకానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఆ అట్ట ఆయన సొంత తెలివి అనుకునేరు. కోసిచ్చింది భార్య. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. వీధిలో అందరికీ టైలరమ్మే. పెళ్ళయిన కొత్తలో భర్త చేతిని అడ్డం పెట్టుకుని దిద్దుతూ అవస్థ పడుతుంటే చూసి, ఒక పొద్దున కుట్టు కత్తెరతో సర్రున కోసి చేతిలో పెట్టింది. ఏడాదికొకసారి పాతది నలిగిపోతే కొత్తది కోసేది. ఆ గీత స్కేలు పెట్టినా అంత తిన్నగా రాదు.

అంత తిన్నని గీత కోసిన మనిషితో ఆయన తిన్నగా మాట్లాడింది తక్కువ. దుర్మార్గులు కాదు, తాగరు, చెయ్యెత్తరు. కానీ ఆమె ఏ మాట చెప్పబోయినా అడ్డం తగిలేవారు. "రేపొస్తానన్నాడండీ" అంటే "ఎవరు? ముందు కర్త ఎవరో చెప్పు" అనేవారు. "సిలిండరతను, ఇంకెవరూ" అని ఆమె విసుక్కునేది. ఇలా ప్రతి మాటకూ తనిఖీ ఉంటే ఎవరైనా ఏం చెబుతారు? ఆమె క్రమంగా చెప్పడం తగ్గించేసింది. మిషను చప్పుడు మాత్రం ఇంట్లో ఎప్పుడూ ఉండేది.

అలాంటిది, రెండేళ్ళ కిందట ఒక పొద్దున కుప్పలో అరవై ఒకటో పుస్తకం కనబడింది. గోధుమరంగు అట్ట వేసి, మూలలు కుట్టి ఉంది. పుస్తకానికి కుట్టు వేసే మనిషి ఈ ఇంట్లో ఒక్కతే.

"ఇదేంటే? ఈ వయసులో నీకెందుకు ఇంగ్లీషు?" అన్నారు నవ్వుతూ.

"రోజూ ఆ కుప్పతోనే కదండీ మీ మాటలూ మంతీ," అంది ఆమె. "నేనూ కుప్పలో చేరితే నావంతు కూడా వస్తుంది కదా."

మాస్టారు ఆ మాటకు మురిసిపోయారు. ఆమె ఎంత ఆశపడి అన్నదో పట్టించుకోలేదు గానీ, మురిసిపోయారు. అక్షరాలు, చిన్న మాటలు ఆమెకు బడిలో చదివినవి కాస్తో కూస్తో గుర్తున్నాయి. మిగతావి కూతురి పాత నిఘంటువు పక్కన పెట్టుకుని కూడబలుక్కుంది. తక్కినవాళ్ళలాగే ఒక మనిషిని ఎంచుకుంది. ఒక టైలరమ్మ. టైలరమ్మ లేస్తుంది, టైలరమ్మ గుండీలు కుడుతుంది. మొదట్లో మార్కులు నాలుగు, ఐదు. టైలరమ్మ గురించి రాసేటప్పుడు ఎస్ బాగానే తగిలించేది. టైలరమ్మ భర్త దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రతిసారీ తప్పే. ఒక్కడి క్రియకు బదులు పదిమంది క్రియ రాసేది.

"ఒక్కడే కదే మొగుడు? ఎస్ ఏదీ?" అని మాస్టారు తల కొట్టుకునేవారు.

"మిమ్మల్ని పట్టుకుని ఒక్కడు అని ఎలా రాయనండీ? వస్తారు, వెళ్తారు అనాలి గానీ. చెయ్యి రావడం లేదు."

ఆ భాషలో గౌరవానికి వేరే క్రియ లేదనీ, ఎంతటివాడైనా ఒక్కడు ఒక్కడేననీ చెప్పి చెప్పి ఆయన అలిసిపోయారు. ట్యుటోరియల్లో ఈ సంగతి చెబితే క్లాసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

అలా ఏడాది దాటింది. ఒక పొద్దున అట్ట బోర్లించి చూస్తే ఆమె పేజీలో పదికి పది ఒప్పులే. భర్త మీద రాసిన వాక్యాలు నాలుగున్నాయి, నాలుగింటికీ ఎస్ తగిలించి ఉంది. మాస్టారికి పట్టరాని సంతోషం. పదికి పది వేసి, కింద వెరీ గుడ్ అని పెద్దక్షరాలతో రాసి, పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళారు.

"శభాష్! సాధించావోయ్!"

ఆమె పొయ్యి వైపు తిరిగి ఉంది. వెనక్కి తిరగకుండానే అడిగింది. "చదివారా?"

"చదవకుండా మార్కులేస్తానా?"

"అంతా చదివారా?"

"పదికి పది అంటుంటే మళ్ళీ అంతా చదివారా అంటావేంటి! ఇంతకంటే ఇంకేం కావాలి నీకు?"

ఆమె అప్పుడు తిరిగి ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. "ఏం లేదులెండి," అంది. గ్లాసులో టీ పోసి ఇచ్చింది.

ఇంకో వారం రాసి మానేసింది. ఎందుకని అడిగితే కళ్ళు లాగుతున్నాయంది. కూతురు కళ్ళజోళ్ళ షాపులోనే పనిచేస్తుంది కదా, వెళ్ళి చూపించుకోరాదూ అన్నారు మాస్టారు. కుప్ప మళ్ళీ అరవైకి వచ్చింది. ఏడు నెలలు గడిచాక ఆమె మిషను దగ్గర కళ్ళు తిరిగి పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆస్పత్రి మంచం మీద ఆమె మూడు వారాలుంది.

ఆమె పోయిన పదిహేను రోజులకు మాస్టారు మళ్ళీ క్లాసుకు వెళ్ళారు. ఇంట్లో ఉంటే మిషను కనబడుతుంది. పొద్దున్నే కుప్ప, అట్ట, ఎర్ర పెన్ను, అంతా మామూలే. కానీ ఆ అట్ట ఆమె చివర కోసినది. ఆమె పోయిన మూడో నెలకల్లా మెత్తబడింది. ఒక పొద్దున తిరగేస్తుంటే సందు చివర చిరిగి, రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది.

కొత్తది కోద్దామని ఒక చొక్కా అట్ట తీసుకుని, ఆమె కత్తెర పట్టుకున్నారు. వేళ్ళు ఆ కన్నాల్లో పట్టలేదు. అవి ఆమె వేళ్ళకు అలవాటుపడ్డవి. బలవంతంగా కోస్తే సందు వంకరటింకరగా పోయి అట్ట కాస్తా పాడైంది. ఇంకోటి కోశారు, అదీ పాడైంది. గోడ గడియారంలో ఆరైంది. ఇక చేసేది లేక అట్ట లేకుండానే పైనున్న పుస్తకం తెరిచారు.

ఎవరో నర్సు పిల్ల. తన అమ్మమ్మ గురించి రాసింది. అట్ట లేదు కదా, కళ్ళు క్రియ దగ్గర ఆగకుండా ముందుకు జారిపోయాయి. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. ఆమె గోడ పట్టుకుని స్నానానికి వెళ్తుంది. ఆమె మమ్మల్ని పిలవదు. ఆమె మేము పనికి వెళ్ళేదాకా నవ్వుతుంది, తర్వాత ఏడుస్తుంది. మూడో వాక్యంలో తప్పుంది. మాస్టారి పెన్ను గాల్లోనే ఆగిపోయింది. ఈ పిల్ల ఏదో చెబుతోంది. ఎవరికి చెబుతోంది? పుస్తకం ఎవరి చేతికి వస్తుందో వాళ్ళకే కదా.

ఇంకోటి తీశారు. అందులోనూ ఎవరో ఏదో చెబుతున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు, రోజుకు అరవై మంది. అరవై మంది కాదు, కొన్నాళ్ళు అరవై ఒక్కమంది.

కుర్చీ పడిపోయేలా లేచారు. మిషను సొరుగు లాగారు. దారపు కండెలు, టేపు, గుండీల డబ్బా, వాటి కింద గోధుమరంగు పుస్తకాలు మూడు. కింద కూర్చుని చదవడం మొదలుపెట్టారు.

మొదటి పుస్తకమంతా టైలరమ్మ పనులే. నవ్వు తెప్పించేవి కూడా ఉన్నాయి. టైలరమ్మ భర్త కలలో కూడా ఎస్ అంటారు. టైలరమ్మ వింటుంది. రెండో పుస్తకం మధ్యలో ఒక పేజీ. టైలరమ్మకు ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. అది చొక్కా గుండీ అంత ఉంది. ఆమెకు సిగ్గు. పక్కన ఆయన చేతి టిక్కులు, మార్కులు ఏడు. నెల తర్వాత ఇంకో పేజీ. అది ఇప్పుడు కోటు గుండీ అంత ఉంది. టైలరమ్మకు భయం వేస్తుంది. ఆమె భర్తకు నోటితో చెప్పలేకపోతుంది. ఆయన మాట మధ్యలో ఆపుతారు. భర్త క్రియ కింద ఎర్రగా సున్నా. మార్కులు తొమ్మిది.

సొంత భాషలో నోటిదాకా రాని మాట ఆమెకు పరాయి భాషలో చేతికొచ్చింది. తన గురించి కాదన్నట్టు, ఎవరో ఆమె అన్నట్టు రాసింది. అలా రాయమన్నది ఆయనే.

పదికి పది పేజీ మూడో పుస్తకంలో ఉంది. ఆ పేజీ తీశారు. టైలరమ్మకు చెయ్యి ఎత్తితే నొప్పి వస్తుంది. ఆమె ఇవాళ తప్పుల్లేకుండా రాస్తుంది, ఎందుకంటే ఆమె భర్తకు తప్పులు అడ్డమొస్తాయి. ఆమె అతడి ముఖం చూస్తుంది. అతడు ఈ పేజీ చదువుతాడు. అతడు ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. అతడు పక్కన కూర్చుంటాడు. అతడు ఆమె చెయ్యి పట్టుకుంటాడు. ఆమెకు భయం తగ్గుతుంది. ఇలాంటివే ఇంకో రెండు కలిపి పది వాక్యాలు, పది టిక్కులు, వెరీ గుడ్. పక్కన తారీఖు. ఆస్పత్రికి వెళ్ళిన రోజుకు ఏడు నెలల పైన ఒక వారం ముందుది.

"చదివారా? అంతా చదివారా?" ఆ మాటలు ఇప్పుడు వినిపించాయి మాస్టారికి. నేల మీద పడి ఏడ్చారు. అరవైయేళ్ళ మనిషి నోట్లో కండువా కుక్కుకుని ఏడ్చారు.

తర్వాత చివరి పేజీ కూడా తిప్పారు. ఆమె మానేసిన రోజుది. చిన్న చిన్న వాక్యాలు. అతడు అంతా చదువుతాడు. అతడికి తెలుసు. అతడు ఏమీ అనడు. ఆమె ఇక అడగదు. వాటి పక్కన కూడా టిక్కులున్నాయి. ఆయనే పెట్టారు.

ఆ పుస్తకాలు ఇంకెవరూ చూడలేదు. వంటింట్లో పొయ్యి ఉంది, అగ్గిపెట్టె ఉంది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కాల్చేస్తే తనకెవరూ చెప్పలేదన్న మాట అలాగే నిలబడుతుంది. ఎప్పుడో ఒకప్పుడు కూతురు నమ్ముతుంది కూడా. కానీ కూతురు అలా నమ్మిన రోజున అబద్ధాలకోరు ఎవరవుతారు? చెప్పింది కదా ఆమె. చేతనైనట్టు, చేతకాని భాషలో, నెలల తరబడి చెప్పింది. మాస్టారు ముఖం కడుక్కుని, మూడు పుస్తకాలూ, చిరిగిన అట్ట ముక్కలూ సంచిలో పెట్టుకుని బయల్దేరారు. ఆ పూట అరవై పుస్తకాలూ దిద్దకుండానే ఉండిపోయాయి.

కళ్ళజోళ్ళ షాపు అప్పుడే తెరిచారు. కూతురు అద్దాల అల్మరా తుడుస్తోంది. తండ్రిని చూసి గుడ్డ పక్కన పెట్టింది గానీ పలకరించలేదు. మాస్టారు పుస్తకాలు గాజుబల్ల మీద పెట్టి, పేజీలు తీసి చూపించారు.

"అమ్మ చెప్పింది," అన్నారు. "నువ్వన్నదే నిజం. నాకు చెప్పింది."

ఆమె నిలబడే చదివింది. పేజీ తర్వాత పేజీ. గుండీ అంత అన్నచోట ఒకసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పదికి పది పేజీకి వచ్చాక ఆ ఎర్ర మార్కుల మీద వేలు పెట్టి తలెత్తింది.

"మరి ఇది చదివి ఎలా ఊరుకున్నావు నాన్నా? వెరీ గుడ్ అని ఎలా రాశావు?"

మాస్టారు ఆ అట్ట ముక్కలు రెండూ సంచిలోంచి తీశారు. వాటిని కలిపి పేజీ మీద బోర్లించారు. సందులో పది కర్తలు, పది క్రియలు. గడ్డ లేదు, నొప్పి లేదు, డాక్టరు లేడు.

కూతురికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ అట్ట ఆమెకు తెలుసు. అమ్మ కోస్తుంటే చిన్నప్పుడు అవతలి అంచు పట్టుకుని కూర్చున్నది తనే.

"చదవలేదా?"

"చదవలేదమ్మా."

"చదివానన్నావా అమ్మతో?"

"రెండుసార్లు అడిగింది. చదివానన్నాను."

ఆమె అట్ట ముక్కలు తీసి పక్కన పెట్టింది. బల్ల ఇవతలికి వచ్చి, తండ్రిని గిరాకీల కుర్చీలో కూర్చోబెట్టింది. తడిసి మసకబారిన ఆయన కళ్ళజోడు తీసి, షాపులో అందరివీ తుడిచినట్టే రెండు అద్దాలూ తుడిచి, మళ్ళీ ఆయన ముఖానికి పెట్టింది. ఆయన మీద ఇక కోపం లేదని ఆ చేతుల్లోనే తెలుస్తోంది. కోపమే ఉండి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

"నాకిప్పుడు తెలిసింది నాన్నా," అంది మెల్లగా. "నీకూ తెలిసింది. అమ్మకే తెలియలేదు. నువ్వు చదివి ఊరుకున్నావనే అనుకుంటూ పోయింది."